ఆరో ట్యాప్‌లో వెన్న వాసన

మా వీధి చివర చాలాకాలంగా మూతపడి ఉన్న ఫర్నిచర్ షాపు షట్టర్ ఎత్తి, లోపలంతా బాగుచేసి, క్రాఫ్ట్ బీర్ (చిన్న బ్రూవరీల్లో చేసే రకరకాల బీర్లు) బార్ పెట్టారు. తెరిచి ఇంకా మూడు వారాలు కూడా కాలేదు. ఇప్పటికి మూడుసార్లు వెళ్లొచ్చాను. ఒకసారి మా బావమరిదితో, ఒకసారి ఒక్కణ్ణే, నిన్న సాయంత్రం మా ఆవిడతో. ముందే చెప్పేస్తాను, ఈ చోటు నాకు బాగా నచ్చింది. ఎందుకు నచ్చిందో చెప్పాలంటే మాత్రం అక్కడ నేను తాగలేక పక్కన పెట్టేసిన ఒక గ్లాసు సంగతి చెప్పాలి. దాని దగ్గరికి కాసేపట్లో వస్తాను.

నా గురించి రెండు మాటలు. నేను 22 ఏళ్లు పాల డెయిరీలో క్వాలిటీ విభాగంలో పనిచేశాను. ట్యాంకర్ వచ్చి ఆగగానే మూత తీయించి ముందు ముక్కు పెట్టి చూడటం నా పని. మిషన్లన్నీ ఆ తర్వాతే. పాలు ఏ పైపులో నుంచి వస్తున్నాయి, ఆ పైపు ఎప్పుడు కడిగారు, ఎంత వేడి నీళ్లతో కడిగారు అన్నదే రోజంతా ధ్యాస. ఉద్యోగం వదిలేసినా ఆ అలవాటు పోలేదు. తాగేది తక్కువే, వారానికి ఒకటో రెండో గ్లాసులు. కానీ పులిసే పదార్థం ఏదైనా నాకు ఇష్టం. బీరు, పెరుగు రెండూ సూక్ష్మజీవులు చేసి పెట్టేవే.

మొదటిసారి వెళ్లినప్పుడు తలుపు తీయగానే నాకు కనిపించింది కౌంటర్ వెనకున్న చల్లగది. గదికి ఒక పక్క అద్దం. లోపల స్టీల్ కెగ్‌లు, అంటే బీరు పీపాలు, వరుసగా నిలబెట్టి ఉన్నాయి. ఆ గది గోడలోంచే నేరుగా 12 ట్యాపులు బయటికి వచ్చాయి. అంటే కెగ్‌కీ ట్యాప్‌కీ మధ్య పైపు పొడవు రెండు బారలు కూడా ఉండదు. ఇది చూడగానే నాకు సగం ధైర్యం వచ్చింది. కొన్నిచోట్ల కెగ్‌లు కింద సెల్లార్‌లో పెట్టి పైదాకా పొడుగాటి పైపులు లాగుతారు. అప్పుడు దారి పొడవునా ఆ పైపుల్ని చల్లబరచాలి. ఎక్కడ కాస్త వేడెక్కినా ట్యాప్ తిప్పితే నురుగే వస్తుంది, బీరు రాదు. ఇక్కడ ఆ తంటా లేదు. గది తలుపు మీద చిన్న డిజిటల్ డిస్‌ప్లేలో 3.4 డిగ్రీలు అని కనిపిస్తోంది. అమెరికాలోని బ్రూవర్స్ అసోసియేషన్ (బీరు తయారీదార్ల సంఘం) చెప్పే లెక్క 38 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 3.3 డిగ్రీలు. పాలకు కూడా మేం 4 డిగ్రీలు దాటనిచ్చేవాళ్లం కాదు.

ట్యాపుల పైన నల్లబోర్డు మీద సుద్దతో రాసి ఉంది. బీరు పేరు, రకం, ఆల్కహాల్ శాతం, చేదు కొలత. ఇంతవరకూ చాలా చోట్ల రాస్తారు. ఈ బోర్డులో ఇంకో గడి ఉంది: కెగ్ తెరిచిన తేదీ. ఇది నేనెక్కడా చూడలేదు. ముఖ్యంగా ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) లాంటి, హాప్స్ (బీరుకు చేదూ వాసనా ఇచ్చే పువ్వులు) వాసన మీద ఆధారపడే బీర్లకు ఆ తేదీ చాలా ముఖ్యం. కెగ్ తెరిచాక రోజులు గడిచేకొద్దీ ఆ వాసన మెల్లగా తగ్గిపోతుంది, బీరు చప్పబడుతుంది. తేదీ బయటికి రాసిపెట్టారంటే అమ్మేవాళ్లకు తమ సరుకు మీద నమ్మకం ఉన్నట్టే.

మా బావమరిదికి బీరంటే ఒకే ఒక్క రుచి తెలుసు. బాటిల్‌లో వచ్చే మామూలు లాగర్. బోర్డు చూసి కంగారుపడ్డాడు. "బావా, నాకు చేదు పడదు, నువ్వే ఏదో ఒకటి చెప్పు" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే కౌంటర్ వెనకున్న అమ్మాయి, "సార్, మీకు పళ్ల వాసన ఇష్టమా, కాల్చిన గింజల వాసన ఇష్టమా?" అని అడిగింది. ఎంత బాగా అడిగిందో! కొత్తవాణ్ణి పట్టుకుని సైసన్ కావాలా, గోజ్ కావాలా అంటే ఏం చెబుతాడు? పళ్లు అన్నాడు. ఒక గుక్కెడు వీట్ బీర్ చిన్న గ్లాసులో పోసి ఇచ్చింది. తాగి, "ఇందులో అరటిపండు కలిపారా?" అని అడిగాడు. ఏమీ కలపలేదని, ఆ వాసన ఈస్ట్, అంటే బీరును పులియబెట్టే సూక్ష్మజీవి, తయారుచేసిందని ఆ అమ్మాయి చెప్పింది. సరిగ్గా చెప్పింది. జర్మనీ తరహా వీట్ బీర్‌కు వాడే ఈస్ట్ పులిసేటప్పుడు ఐసోఅమైల్ అసిటేట్ అనే పదార్థం తయారవుతుంది. అరటిపండులో ఉండేదీ అదే. దాంతోపాటు లవంగం వాసన కూడా వస్తుంది, అదీ ఈస్ట్ చలవే.

అక్కడితో ఆపకుండా జర్మనీలోని బవేరియాలో 1516లో బీరుకు బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఇంకేమీ వాడకూడదని చట్టం చేశారని కూడా చెప్పింది. "మరి ఈస్ట్?" అని మావాడు అడిగాడు. ఈస్ట్ ఒక సూక్ష్మజీవి అని అప్పటికి ఎవరికీ తెలియదు, చట్టంలో దాని పేరే లేదు. మావాడికి ఆ మాట తెగ నచ్చింది. ఇంటికొచ్చేదాకా అదే చెప్పాడు. పూర్తి గ్లాసు తెప్పించుకుని ఆఖరి బొట్టు దాకా తాగాడు కూడా.

నేను కొత్తచోట ముందు పిల్స్‌నర్ అడుగుతాను. ఈ రకం 1842లో, ఇప్పటి చెక్ దేశంలోని పిల్సెన్ ఊళ్లో పుట్టింది. బవేరియా నుంచి వచ్చిన జోసెఫ్ గ్రోల్ అనే బ్రూవర్ అక్కడి మెత్తటి నీళ్లతో, లేతరంగు మాల్ట్‌తో (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ), చలిలో నెమ్మదిగా పులిసే ఈస్ట్‌తో చేశాడు. బంగారు రంగులో, అవతలి మనిషి కనిపించేంత తేటగా ఉంటుంది. అందులో తప్పు దాచడానికి చోటు దొరకదు. ఐపీఏలో హాప్స్ వాసన కింద, స్టౌట్ అనే నల్లటి బీరులో మాడ్చిన గింజల కింద చిన్నచిన్న లోపాలు దాక్కుంటాయి. పిల్స్‌నర్‌లో అన్నీ బయటపడతాయి. ఉడికించిన మొక్కజొన్న వాసన, తడిసిన అట్టముక్క వాసన, పచ్చి ఆపిల్ వాసన, ఒక్కోదానికి ఒక్కో కారణం.

ఇక్కడి పిల్స్‌నర్‌లో అవేమీ లేవు. ముందు తాజా రొట్టె వాసన, ఆ వెనక గడ్డీ పువ్వూ కలిసినట్టుండే హాప్స్ వాసన, చివర్లో నాలుక మీద శుభ్రంగా తెగిపోయే చేదు. ఇంకో గుక్క వేయాలనిపించే చేదు.

గ్లాసు గురించి కూడా చెప్పాలి. పోసే ముందు ఆ అమ్మాయి గ్లాసును బోర్లించి కౌంటర్ మీదున్న చిన్న జాలీ మీద నొక్కింది. కింది నుంచి నీళ్లు చిమ్మి లోపలంతా తడిసింది. తర్వాత గ్లాసు వంచి పట్టుకుని, సగం నిండాక నిటారుగా చేసింది. ట్యాప్ మూతి గ్లాసుకు గానీ, నురుగుకు గానీ తగలనివ్వలేదు. తగిలితే ఆ అంటిన బీరు ఆరిపోయి మూతిలోనే ఉండిపోతుంది, రాత్రంతా అక్కడ ఏం పెరుగుతాయో నాకు తెలుసు. నురుగు రెండు వేళ్ల మందం వచ్చింది. నేను గ్లాసును లైటుకు ఎదురుగా పెట్టి చూశాను. లోపలి గోడకు ఒక్క బుడగ కూడా అంటుకుని లేదు. గ్లాసులో జిడ్డు గానీ, సబ్బు గానీ మిగిలి ఉంటే బుడగలు అక్కడ గుంపుగా అతుక్కుంటాయి. తాగుతుంటే ప్రతి గుక్కకూ నురుగు ఒక ఉంగరంలా మిగిలిపోయింది. గ్లాసు ఖాళీ అయ్యేసరికి ఏడు ఉంగరాలు లెక్కపెట్టాను. గ్లాసులు ఫ్రీజర్‌లో పెట్టి మంచు పట్టించి ఇవ్వడం లేదు, అదీ సంతోషం. అలా ఇస్తే చూడ్డానికి బాగుంటుంది గానీ వాసన చచ్చిపోతుంది.

ఇక నచ్చని విషయం. 12 ట్యాపుల్లో ఆరు ఐపీఏలే. హాప్స్ వాసన ఇష్టపడేవాళ్లు ఎక్కువమంది ఉన్నారు, నిజమే. వాటిలో ఒకటి కాస్కేడ్ హాప్స్‌తో చేసింది, చాలా బాగుంది. 1972లో అమెరికాలో విడుదలైన రకం ఇది. పంపరపనస తొక్క గిల్లితే చిమ్మే నూనె వాసన గుర్తొస్తుంది. ఇంకోటి మబ్బుగా, పండ్లరసంలా ఉండేది, ఓట్స్ వేసి చేసినది, అదీ బాగుంది. మిగతా నాలుగు ఒకదానికొకటి తేడా తెలియనంత దగ్గరగా ఉన్నాయి. ఆ నాలుగింటిలో రెండు తీసేసి ఒక బ్రౌన్ ఏల్, ఒక ముదురు లాగర్ పెడితే మా బావమరిది లాంటివాళ్లకు రెండో అడుగు వేయడానికి దారి ఉంటుంది. వీట్ బీర్ నుంచి ఒకేసారి చేదు కొలత 70 ఉన్న ఐపీఏకు దూకమంటే ఎవరు దూకుతారు?

నాలుగు రోజుల తర్వాత ఒక్కణ్ణే వెళ్లాను. మధ్యాహ్నం తెరిచిన అరగంటకే. ఆ టైములో వెళ్లడానికి కారణం ఉంది. రాత్రంతా పైపులో నిలిచిన బీరు ముందుగా వచ్చేది అప్పుడే. డెయిరీలో కూడా పొద్దున మొదటి శాంపిల్‌ను మించిన సాక్ష్యం లేదు. ఆరో ట్యాప్‌లో ఉన్న ఆంబర్ ఏల్ అడిగాను. రంగు రాగి చెంబులా మెరుస్తోంది, నురుగు బాగుంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వెన్న వాసన.

పొరబడ్డానేమో అని గ్లాసు కింద పెట్టి, కాసిని నీళ్లు తాగి, మళ్లీ చూశాను. సందేహం లేదు. సినిమా హాల్లో పాప్‌కార్న్ మీద పోసే వెన్న వాసన. ఒక గుక్క తాగితే నాలుక మీద జారుడుగా, నూనె పూసినట్టు అనిపించింది. ఆ వాసన పేరు డయాసిటైల్. దానితో నాకు 22 ఏళ్ల పరిచయం. కల్చర్డ్ వెన్న తయారీలో మేం కావాలని ఆ వాసన కోసమే ప్రత్యేకమైన బ్యాక్టీరియా వేసేవాళ్లం. అవి పాలలోని సిట్రేట్‌ను తిని డయాసిటైల్ చేస్తాయి. ఏ బ్యాచ్‌లో అది సరిగా రాకపోతే ఆ రోజు అందరికీ టెన్షనే. వెన్నలో ఎంత కావాలో, బీరులో అంత వద్దు. లీటరుకు 0.1 మిల్లీగ్రాము ఉన్నా చాలు, తేలికపాటి లాగర్‌లో అయితే చాలామంది పట్టేస్తారు.

బీరులోకి అది రెండు దారుల్లో వస్తుంది. ఒకటి తయారీలో. పులిసేటప్పుడు ఈస్ట్ విడిచే ఒక పదార్థం డయాసిటైల్‌గా మారుతుంది. ఇంకొన్ని రోజులు ఆగితే ఆ ఈస్టే దాన్ని మళ్లీ పీల్చేసుకుంటుంది. తొందరపడి చల్లబరిచి ఈస్ట్‌ను తీసేస్తే అది అలాగే ఉండిపోతుంది. రెండో దారి పైపు. ట్యాప్‌లోనో, పైపులోనో లాక్టిక్ బ్యాక్టీరియా చేరితే అవి అక్కడే కూర్చుని వెన్న వాసన చేస్తాయి. ఒంటికి హాని చేసేవి కావు. ఆల్కహాల్, హాప్స్, పులుపు ఉన్నచోట రోగాలు తెచ్చే క్రిములు బతకడం కష్టం. కానీ రుచి పాడవుతుంది. మొదటి దారిలో వస్తే తప్పు బ్రూవరీది, రెండో దారిలో వస్తే తప్పు బార్‌ది. గ్లాసు చూసి ఎవరిదో చెప్పలేం.

ఆ అమ్మాయిని పిలిచి, "అమ్మా, ఇది ఒకసారి వాసన చూడు" అన్నాను. చూసింది. "టాఫీలా అనిపిస్తోంది సార్. నేనది మాల్ట్ వాసన అనుకున్నాను" అంది. దాచకుండా చెప్పింది. ఆంబర్ ఏల్‌లో మాల్ట్ నుంచి టాఫీ, కారమెల్ వాసనలు రావడం మామూలే కాబట్టి పొరబడటంలో తప్పులేదు. తేడా ఎక్కడంటే, మాల్ట్ వాసన తీపిగా ఉంటుంది గానీ నాలుక మీద జారదు. అది చెబితే ఇంకో గుక్క వేసి, నాలుకను అంగిలికి రాసి చూసుకుని, "అవును సార్, జారుతోంది" అంది. వెంటనే లోపలికెళ్లి ఓనర్‌ను తీసుకొచ్చింది.

ఇలాంటప్పుడు ఏం జరుగుతుందో నాకు అనుభవం. మరో ఊళ్లో ఒక బార్‌లో ఇదే మాట చెబితే, "ఆ బీరు రుచే అంత సార్, మీకు అలవాటు లేదు" అన్నారు. ఇక్కడ ఈ కుర్రాడు ఆ మాట అనలేదు. వయసు ముప్పై దాటి ఉంటాయి, అంతే. గ్లాసు తీసుకుని వాసన చూశాడు. "కెగ్‌దా, పైపుదా తేల్చుదాం సార్, ఐదు నిమిషాలు ఆగుతారా?" అన్నాడు. నాకు చాలా సంతోషం వేసింది. ప్రశ్న సరిగ్గా అదే.

చల్లగదిలోకి వెళ్లి ఆరో నంబరు కెగ్‌కు పైపు తీసేసి, చేత్తో నొక్కే చిన్న ట్యాప్ తగిలించి ఒక జగ్గులో కొంత బీరు పట్టాడు. అప్పుడు నేను ట్రయాంగిల్ టెస్ట్ చేద్దామన్నాను. మూడు గ్లాసులు తీసుకుని రెండింటిలో ఒకే బీరు, ఒకదానిలో వేరే బీరు పోసి, వేరే ఉన్నది ఏదో వాసనతో చెప్పమనడం. డెయిరీలో రోజూ చేసేవాళ్లం. ఈ పద్ధతికి మూలం కూడా బీరు దగ్గరే ఉంది, 1940లలో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ బ్రూవరీలో వాడటం మొదలుపెట్టారు. ఓనర్ అటు తిరిగి పోశాడు, గ్లాసుల అడుగున గుర్తులు పెట్టాడు. నేను చూశాను, ఆ అమ్మాయి చూసింది, వంటగదిలోంచి వచ్చిన ఇంకో కుర్రాడు చూశాడు. తర్వాత గుర్తులు తెలియకుండా మేం కలిపి పెడితే ఓనర్ కూడా చూశాడు. నలుగురం పైపులోంచి వచ్చిన గ్లాసునే పట్టుకున్నాం. నేరుగా కెగ్‌లోంచి తీసిన బీరు ఎంత బాగుందో! కాల్చిన బిస్కెట్ వాసన, కొద్దిగా ఎండుద్రాక్ష, జారుడు ఏ మాత్రం లేదు. చేసినవాళ్ల తప్పేమీ లేదు. పాపం, వాళ్ల బీరును దారిలో పాడుచేశారు.

కారణం కూడా దాచలేదు అతను. బార్ తెరవడానికి ముందు రెండు వారాలు ట్రయల్ చేశారు. అప్పుడు ఆరో ట్యాప్‌లో పెట్టిన కెగ్ ఖాళీ అయ్యాక ఆ పైపును ఉత్త నీళ్లతో తోసి వదిలేశారు. మిగతా పదకొండూ ప్రారంభానికి ముందు కాస్టిక్ అనే ఘాటైన క్షారంతో కడిగారు, ఇది లెక్కలో తప్పిపోయింది. రిజిస్టర్ తెచ్చి చూపించాడు. నిజమే, 11 వరుసలకు సంతకాలున్నాయి, ఆరుకు లేదు. ట్యాప్ విప్పి చూపించాడు. లోపల సీలు ఉండే గాడిలో గోధుమరంగు జిగట. అది వేలికి అంటితే తోడు పెట్టిన గిన్నెను కడగకుండా వదిలేసిన వాసన వచ్చింది. నేను మొత్తం జీవితంలో ఎన్ని వాల్వులు విప్పానో, అన్నిట్లో ఇలాంటి గాడిలోనే దొరికేది.

పైపులు కడగడానికి బ్రూవర్స్ అసోసియేషన్ చెప్పే పద్ధతి ఇలా ఉంటుంది. ప్రతి 14 రోజులకూ కాస్టిక్ ద్రావణాన్ని పైపుల్లో తిప్పాలి, ట్యాపులు విప్పి బ్రష్‌తో తోమాలి. మూడు నెలలకోసారి ఆమ్లంతో కడగాలి. కాస్టిక్ ఈస్ట్‌నూ ప్రోటీన్‌నూ కరిగిస్తుంది. ఆమ్లం బీర్‌స్టోన్‌ను కరిగిస్తుంది. అంటే పైపు గోడకు పట్టే కాల్షియం గార. మాకు డెయిరీలో మిల్క్‌స్టోన్ ఉండేది. అదే కాస్టిక్, అదే ఆమ్లం, అదే వరుస. ఇందులో ఆశ్చర్యం లేదు. పాలకు మనం వాడే పాశ్చరైజేషన్ కూడా లూయీ పాశ్చర్ 1860లలో ముందు వైన్ కోసం కనిపెట్టిందే, ఆ తర్వాత ఆయన బీరు ఎందుకు పాడవుతుందో చూశాడు, పాలకు ఆ పద్ధతి తర్వాత ఎప్పుడో వచ్చింది. ఓనర్ 14 రోజుల లెక్కే పాటిస్తానన్నాడు, రిజిస్టర్‌లో గడులు కూడా అలాగే గీసి ఉన్నాయి.

నాకు బాగా గుర్తుండిపోయింది ఆ తర్వాత జరిగినది. అప్పటికి లోపల ఇంకో రెండు టేబుళ్ల మీద మనుషులున్నారు. ఓనర్ వెళ్లి, ఎవరైనా ఆరో నంబరు తీసుకున్నారా అని అడిగాడు. ఒకాయన తీసుకున్నాడు, సగం తాగేశాడు, ఏమీ గమనించలేదు. ఆయనకు విషయం చెప్పి గ్లాసు మార్చి ఇచ్చాడు. నా బిల్లులోంచి ఆ గ్లాసు తీసేశాడు. అప్పుడు ఆ అమ్మాయి స్టూలెక్కి బోర్డు మీద ఆరో వరుస తుడిచింది. సుద్ద పట్టుకుని ఒక్క క్షణం ఆగి ఓనర్ వైపు చూసింది. "అయిపోయింది" అని రాస్తే సరిపోయేది, ఎవరూ అడగరు. అతను "ఉన్నది రాసెయ్" అన్నాడు. "పైపు కడుగుతున్నాం" అని రాసింది.

నిన్న మా ఆవిడను తీసుకెళ్లాను. తను ఆల్కహాల్ తీసుకోదు. ఇక్కడ ఈ బార్ వెనకబడింది. ఆల్కహాల్ లేనివి అడిగితే సోడా, ఒక నిమ్మరసం, నీళ్లు. అంతే. 12 రకాల బీరు మీద ఇంత శ్రద్ధ పెట్టినవాళ్లు, పక్కన కూర్చునే మనిషికి ఒక్కటంటే ఒక్కటి రుచిగా తాగడానికి పెట్టకపోవడం నాకు బాధ కలిగించింది. 0.5 శాతం లోపు ఆల్కహాల్ ఉన్న బీర్లు ఇప్పుడు చాలా మంచివి వస్తున్నాయి. హాప్స్ వేసిన సోడా నీళ్లు కూడా చేస్తున్నారు. ఒక ట్యాప్ దానికి కేటాయించాలి. ఈ మాట ఓనర్‌కు చెప్పాను, రాసుకున్నాడు. బండి నడిపేది ఎవరు అని వాళ్లే ముందుగా అడుగుతున్నారు, అడగకుండానే నీళ్ల జగ్గు తెచ్చి పెడుతున్నారు, గట్టి బీర్లను 250 మిల్లీలీటర్ల చిన్న గ్లాసులోనే ఇస్తున్నారు. అంత ఆలోచించేవాళ్లకు ఇదీ తడుతుందనే నా నమ్మకం.

కుర్చీలు కూడా మార్చాలి. ఎక్కువ భాగం ఎత్తు స్టూళ్లు. మా ఆవిడకు మోకాళ్ల నొప్పి, ఎక్కి దిగడం కష్టమైంది. మామూలు ఎత్తు టేబుళ్లు మూడే ఉన్నాయి, మూడూ నిండిపోయాయి. గోడలు నున్నటి సిమెంటు, పైన రేకు. జనం నిండేసరికి మాటలు గోడల మధ్య తిరుగుతూనే ఉన్నాయి. పాటల సౌండ్ తగ్గించమంటే వెంటనే తగ్గించారు, కానీ అసలు గొడవ పాటలది కాదు, గోడలది. ఒక పక్కన మందపాటి పరదాలు వేసినా చాలు.

తనకు నచ్చింది మాత్రం నైట్రో స్టౌట్ పోయడం. ట్యాప్ తిప్పగానే గ్లాసు నిండా లేత గోధుమరంగు మేఘం. బుడగలు కిందికి దిగుతున్నట్టు కనిపిస్తాయి. నిమిషంన్నరలో అడుగునుంచి నలుపు పైకి పాకి, పైన మీగడలాంటి పొర నిలబడింది. "ఏవండీ, కిందికి పోతున్నాయేంటి?" అని మా ఆవిడ రెండుసార్లు అడిగింది. గ్లాసు మధ్యలో బుడగలు పైకి పోతూ బీరును లాక్కెళ్తాయి, ఆ బీరు గోడల పక్కనుంచి కిందికి దిగుతూ అక్కడి చిన్న బుడగల్ని తనతో తీసుకెళ్తుంది. మనకు కనిపించేది గోడ పక్క మాత్రమే. ఈ బీరును ట్యాప్ దాకా తోసే గ్యాస్‌లో మూడొంతుల నైట్రోజన్, ఒక వంతు కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. నైట్రోజన్ బీరులో సరిగా కరగదు, అందుకే బుడగలు అంత సన్నగా వస్తాయి. గిన్నిస్ అనే స్టౌట్ కంపెనీలో మైకేల్ ఆష్ అనే గణిత శాస్త్రవేత్త నడిపిన పనితో 1959లో ఈ పద్ధతి వచ్చింది.

పోయడం బాగుంది, కానీ స్టౌట్‌ను కూడా పిల్స్‌నర్ అంత చల్లగానే ఇస్తున్నారు. అంత చలిలో దాని వాసన ముడుచుకుపోతుంది. నేను గ్లాసును రెండు చేతుల మధ్య పది నిమిషాలు పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు తెరుచుకుంది. మా ఆవిడకు వాసన చూడమని ఇచ్చాను. "కాఫీ పొడి డబ్బా మూత తీసినట్టుంది" అంది. నిజంగా అలాగే ఉంది. చివర్లో చాక్లెట్ చేదు. ఈ ఒక్కదాన్ని కాసేపు ముందు బయట పెట్టి ఇవ్వలేరు, నిజమే, కెగ్ చల్లగదిలోనే ఉండాలి. కానీ "కాసేపు ఆగి తాగండి" అని బోర్డు మీద ఒక ముక్క రాయొచ్చు.

గోజ్ కూడా ఒక చిన్న గ్లాసు తీసుకున్నాను. గోస్లార్ అనే జర్మన్ ఊరి పేరు మీద వచ్చిన పుల్లటి గోధుమ బీరు, ధనియాలూ ఉప్పూ వేస్తారు. పులుపు ఇచ్చేది లాక్టోబాసిల్లస్, నా పాత సావాసగాడు. పైపులో చేరితే దొంగ, ఇక్కడ పిలిచి పెట్టుకున్న పనివాడు. పులుపు శుభ్రంగా ఉంది, ఉప్పు నాలుక చివర తగిలీ తగలనట్టు ఉంది. వేసవి మధ్యాహ్నాలకు ఇంతకంటే మంచిది ఈ 12లో లేదు.

లేవబోతుంటే ఆ అమ్మాయి ఒక చిన్న గ్లాసు తెచ్చి నా ముందు పెట్టింది. ఆంబర్ ఏల్. "ఆరో నంబరు సార్. ఇవాళ మొదటి గ్లాసు ఎవరికీ పోయలేదు, మీరొస్తారని ఆపాను." పైపు మొత్తం మార్చేశారట, ట్యాప్‌కు కొత్త సీళ్లు వేశారట. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కాల్చిన బిస్కెట్. ఎండుద్రాక్ష. గుక్క తాగి నాలుకను అంగిలికి రాశాను, జారలేదు. ఆ అమ్మాయి నా మొహం వంక చూస్తూ నిలబడింది. బాగుందని చెప్పాను.

బయటికొస్తూ బోర్డు చూశాను. కెగ్ తెరిచిన తేదీ పక్కన కొత్తగా ఇంకో గడి గీశారు. "పైపు కడిగిన తేదీ". ఆరో వరుసకే అనుకున్నాను. 12 వరుసలకూ ఉంది.